గుడ్డ ఆమెది, కత్తెర మీది

మల్కాజిగిరి నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. క్లుప్తంగా సంగతి ఇదీ.

ఆమె భర్తకు మార్చిలో ఉద్యోగం పోయింది. ఇప్పుడు క్యాబ్ నడుపుతున్నారు. బండి కిస్తీ, పెట్రోలు పోను ఇంటికి చేరేది అంతంతమాత్రం. ఇద్దరు పిల్లల స్కూలు ఫీజులున్నాయి. నెలకు ఆరు వేలైనా తన చేతి మీదుగా రావాలని ఆమె లెక్క. పోయినేడు తమ సందులోనే ఉన్న టైలరక్క దగ్గర మూడు నెలలు కుట్టు నేర్చుకున్నారు. ఇంట్లో మోటారు బిగించిన మామూలు మెషీన్ ఉంది. తనకీ చెల్లెళ్లకీ కుట్టినవి బాగానే కుదిరాయి. జూన్ నుంచి అపార్ట్‌మెంట్ వాళ్లకి కుట్టడం మొదలుపెట్టారు. లైనింగ్ జాకెట్టుకి టైలరక్క 450 తీసుకుంటే ఈమె 250 తీసుకుంటున్నారు. ఇప్పటికి పద్నాలుగు కుట్టారు. ఒక్కోదానికి ఆరు గంటలు పడుతోంది.

పదమూడోది పై అంతస్తు ఆంటీది. కూతురి ఎంగేజ్‌మెంట్‌కని తొమ్మిది వేలు పెట్టి కొన్న గద్వాల పట్టు చీరకి, ఆ చీరలోనే వచ్చిన బ్లౌజ్ పీస్ ఇచ్చారు. తొడిగి చూస్తే చంక దగ్గర పట్టేసింది. ఈమె చంకని ఇంకాస్త కిందికి కోశారు. దాంతో చెయ్యి ఎత్తితే జాకెట్టు మొత్తం పైకి లేస్తోంది. వెనక మెడ లోతు పది అంగుళాలు కావడంతో భుజాలు జారిపోతున్నాయి. ఫంక్షన్‌లో ఆంటీ పిన్నులు పెట్టుకుని తిరిగారు. మర్నాడు 250 చేతిలో పెట్టి "పర్లేదులే బిడ్డా" అన్నారు. మళ్లీ గుడ్డ ఇవ్వలేదు, మాట మాత్రం బాగానే మాట్లాడుతున్నారు.

ఇప్పుడు బల్ల మీద ఇంకో రెండు పడి ఉన్నాయి. ఒకటి కంచి పట్టు, రెండోది మగ్గం వర్క్ (ఫ్రేమ్‌కి బిగించి చేత్తో పూసలు, కుందన్లు కుట్టే పని) చేయించి తెచ్చిన గుడ్డ. ఆడబిడ్డేమో "పదేళ్ల అనుభవం అని పెట్టు వదినా, బొటిక్‌ల ఫొటోలు నాలుగు స్టేటస్‌లో వెయ్యి, ఆర్డర్లు అవే వస్తాయి" అంటోంది. ఉత్తరం చివర ఈమె అడిగింది ఇది: "నేర్చుకుంటున్నానని చెప్తే ఎవరూ గుడ్డ ఇవ్వరు. చెప్పకుండా తీసుకుంటే మోసంలా ఉంది. డబ్బు అవసరం మాత్రం నిజం. ఏం చెయ్యను?"

అమ్మా, నేర్చుకుంటూ డబ్బు తీసుకోవడం తప్పు కాదు. ఈ ఊళ్లో కత్తెర పట్టిన ప్రతి మనిషీ ఎవరో ఒకరి గుడ్డ మీదే నేర్చుకున్నాడు. అయితే టైలర్ షాపులో ఆ నేర్చుకోవడం ఎలా జరుగుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. కొత్తగా చేరిన పిల్లాడికి మొదట హుక్కులు, కాజాలు. కొన్నాళ్లకి చేతి హెమ్మింగు. తర్వాత పక్క కుట్లు, చేతులు బిగించడం. కత్తెర చేతికొచ్చేది అన్నిటికన్నా ఆఖర్న. ఈలోగా వాడు ఏది చెడగొట్టినా సమాధానం చెప్పేది, గుడ్డ డబ్బులిచ్చేది మాస్టరు. నేర్చుకునేవాడికీ గుడ్డ తెచ్చినావిడకీ మధ్య ఒక మనిషి నిలబడి ఉంటాడు.

మీ ఇంట్లో ఆ మనిషి లేడు. మీరు మొదటి రోజే కత్తెర పట్టారు. చెడితే పడాల్సిన నష్టం మాస్టరు మీద పడే దారి లేదు, మీరూ పడలేదు. అది ఆంటీ మీద పడింది. తన మీద పడుతుందని ఆమెకు ముందు తెలియదు. మీకు నిద్ర పట్టనిది ఇందుకే అనుకుంటాను. 250 తీసుకోవడం తప్పా అని మీరు తవ్వుకుంటున్నారు గానీ తప్పు ఆ నోట్లలో లేదు. చెడితే ఎవరి గుడ్డ పోతుందన్న మాట ఇద్దరి మధ్యా రాకపోవడంలో ఉంది.

"చెప్పాను కదా, ఏదో కొద్దిగా వచ్చని" అని ఉత్తరంలో ఒకచోట రాశారు. ఆ మాటకి మన ఇళ్లలో విలువ లేదమ్మా. పాతికేళ్లు వండిన మనిషి కూడా "ఏదో నాకొచ్చినట్టు చేశాను" అనే వడ్డిస్తుంది. "కొద్దిగా వచ్చు" అంటే అణకువ అనుకుంటారు తప్ప హెచ్చరిక అనుకోరు. రేటు తగ్గించడం కూడా అంతే. షాపు అద్దె లేదు కాబట్టి తక్కువకి కుడుతోంది అనుకుంటారు. పని కొత్త కాబట్టి తక్కువ అని ఎవరికీ తట్టదు. కాబట్టి అంకెలు చెప్పండి. "నేర్చుకుని ఏడాది కాలేదు. లైనింగ్ జాకెట్లు బయటివాళ్లకి పద్నాలుగు కుట్టాను. మామూలు రౌండ్ నెక్ బాగా కుదురుతోంది. వెనక డీప్ నెక్ ఇంకా కుదరడం లేదు." ఇందులో మిమ్మల్ని మీరు తగ్గించుకున్న మాట ఒక్కటీ లేదు. విన్నావిడ ఏ గుడ్డ ఇవ్వాలో తనే తేల్చుకుంటుంది.

ఇలా చెప్తే ఎవరూ ఇవ్వరని మీ భయం. పట్టు ఇవ్వరు. రోజూ కట్టుకునే కాటన్ చీరల జాకెట్లు, 'టూ బై టూ రుబియా' అనే మామూలు జాకెట్టు గుడ్డవి, ఇస్తారు. సందు చివరి షాపుకి నాలుగుసార్లు తిరిగే ఓపిక లేనివాళ్లు, పక్క ఫ్లాట్‌లో కొలతలిచ్చి పక్క ఫ్లాట్‌లో తీసుకోవచ్చని ఇస్తారు. మీకిప్పుడు కావాల్సినవీ అవే.

ఏది తీసుకోవాలి, ఏది వద్దనాలి అనేదానికి ఒక కొలత పెట్టుకోండి: ఇది పాడైతే రేపు నా డబ్బుతో ఇలాంటి గుడ్డే తెచ్చివ్వగలనా? మీటరు రుబియా ఏ మ్యాచింగ్ సెంటర్‌లోనైనా దొరుకుతుంది, తెచ్చివ్వగలరు. చీరతో పాటు నేసిన పీస్ ఇంకెక్కడా దొరకదు. సికింద్రాబాద్ జనరల్ బజార్ అంతా తిరిగి రంగు కలిపినా అంచు కలవదు. ఆ చీర ఇక ఎప్పటికీ జత లేని చీరే. ఆంటీ విషయంలో జరిగింది ఇదే. మీ కూలీ 250, ఆమె పణం పెట్టింది తొమ్మిది వేల చీర. పట్టుకి ఇంకో గుణం ఉంది: కుట్టు విప్పినా సూది చిల్లులు అలాగే కనిపిస్తాయి. కాటన్‌లో అయితే తడిపి ఇస్త్రీ చేస్తే చాలావరకు పూడుకుంటాయి. అంటే కాటన్‌ జాకెట్టు మీద మీరు రెండుసార్లు తప్పు చేయొచ్చు, పట్టు మీద ఒక్కసారి కూడా కుదరదు.

ఇక బల్ల మీదున్న రెండూ ఇంకా కోయలేదని రాశారు కాబట్టి రేపే తిరిగి ఇచ్చేయండి. మగ్గం వర్క్ గుడ్డ అసలు మొదటి ఏడాది ముట్టుకునే సరుకు కాదు. వర్క్ చేసినావిడ ఫ్రేమ్ మీద మెడ, చేతులు గీసుకుని కుడుతుంది. ఆ గీత ప్రకారమే మీరు కోయాలి, కొలత కలవకపోతే జరుపుకునే వీలుండదు. కుట్టు పడే చోట పూసలు, కుందన్లు అర అంగుళం మేర చేత్తో తీసి, ఆ దారం చివర్లు విడిపోకుండా ముడులు వేయాలి. తీయకుండా తొక్కితే సూది విరుగుతుంది, విరిగిన మొన గుడ్డని చీల్చొచ్చు. మెషీన్‌లో గుడ్డని నొక్కి పట్టే మామూలు పాదం పూసల పక్కన కూర్చోదు, సగం పాదం బిగించాలి. తిరిగి ఇచ్చేటప్పుడు ఒంట్లో బాలేదనో ఊరెళ్తున్నాననో అనకండి. "ఇది నా చెయ్యి దాటిన పని, టైలరక్క బాగా కుడుతుంది, ఆమెకివ్వండి" అనండి. ఈ మాట విన్నావిడ మీరు "కుదురుతుంది" అన్నప్పుడు కూడా నమ్ముతుంది.

ఇప్పుడు డబ్బు లెక్క. మీరు రాసిన అంకెలతోనే చేద్దాం. లైనింగ్ జాకెట్టుకి 250 వస్తే, లైనింగ్ గుడ్డ 70, బయట ఓవర్‌లాక్ (గుడ్డ అంచు దారాలు ఊడకుండా వేసే కుట్టు) 20, హుక్కులూ దారమూ 10 పోగా మిగిలేది 150. ఆరు గంటల పనికి గంటకి 25 రూపాయలు. అదే ఫాల్ (చీర కింది అంచుకి లోపల కుట్టే పట్టీ), పీకో (చీర కొసలకి వేసే జిగ్‌జాగ్ కుట్టు) రేటు మీ కాలనీలో చీరకి 120 అన్నారు. ఫాల్ గుడ్డ 25. పీకో మెషీన్ మీకు లేదు కాబట్టి అది బయట చేయిస్తే 30. మిగిలేది 65. పని గంట. మీకు బాగా వచ్చిన పని, ఎవరి చీరా చెడని పని, గంటకి జాకెట్టుకి రెండున్నర రెట్లు ఇస్తోంది. గొప్పగా కనిపించే పనిలోనే డబ్బు ఉంటుందని జాకెట్ల వెంట పడ్డారు గానీ మీ కాగితం మీద అంకెలు వేరే మాట చెప్తున్నాయి.

రోజుకి రెండు చీరలు, నెలకి పాతిక రోజులు పడితే 3,250. శ్రావణ మాసంలో, దసరా ముందర, పెళ్లిళ్ల రోజుల్లో పెరుగుతుంది. ఆషాఢంలో కొన్న చీరలు కూడా మెల్లగా అప్పుడే బయటికొస్తాయి. ఫాల్‌లో జాగ్రత్త పడాల్సింది ఒక్కటే: ఫాల్ గుడ్డని రాత్రి నీళ్లలో నానేసి, ఆరాక ఇస్త్రీ చేసి కుట్టాలి. కొత్తది అలాగే కుడితే మొదటి ఉతుకులోనే కుంచించుకుపోయి చీర అంచు ముడతలు పడుతుంది. రంగు పోయే ఫాల్ లేత చీరకి అంటుకునే ప్రమాదం కూడా ఆ నానబెట్టడంలోనే బయటపడుతుంది. పట్టు చీరకైతే రెండు వైపులా చేత్తోనే, పైకి కనీ కనిపించనంత చిన్న కుట్టు. దానికి గంటన్నర పడుతుంది, రేటు కూడా వేరే చెప్పొచ్చు.

దీనికి తోడు లంగాలు, నైటీల పొడవు తగ్గించడం, పిల్లల యూనిఫాం అంచులు మడవడం, ఊడిన హుక్కులు, పాత జాకెట్లు లూజు చేయడం. ఈ ఆఖరిది చిన్న పనిగా చూడకండి. ఒక జాకెట్టు పక్క కుట్టు విప్పితే మంచి టైలర్ లోపల ఎంత గుడ్డ వదిలిందో, ఎన్ని వరసలు కుట్టిందో, చెయ్యి ఎలా అతికించిందో కళ్ల ముందు కనిపిస్తుంది. మూడు నెలల కోర్సులో చూపించనివి అక్కడ దొరుకుతాయి, పైగా దానికి వాళ్లే మీకు డబ్బిస్తారు.

జాకెట్లు పూర్తిగా మానేయండి అని అనను. మానేస్తే చెయ్యి ఆగిపోతుంది, ఇంకో ఏడాదికీ ఇక్కడే ఉంటారు. వారానికి రెండు కాటన్ జాకెట్లు తీసుకోండి, కానీ పద్ధతి మార్చండి. మొదట లైనింగ్‌ని నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి, దాన్నే కోయండి. పక్కల్లో ఒకటిన్నర అంగుళం వదలండి. మెషీన్ మీద పెద్ద కుట్టు పెట్టుకుని, కచ్చాగా, పైగుడ్డ లేకుండా లైనింగ్ ఒక్కటే జాకెట్టులా కుట్టండి. ఆమెను పిలిచి తొడిగించండి. నిలబెట్టి చూస్తే సరిపోదు. చేతులు పైకెత్తమనండి, జడ వేసుకుంటున్నట్టు వెనక్కి పెట్టమనండి, కూర్చుని ముందుకు వంగమనండి. ఎక్కడ లాగుతోందో సుద్దతో గీసి, కుట్టు విప్పి, ఆ లైనింగ్ ముక్కలనే పైగుడ్డ మీద పరిచి కోయండి. గంట ఎక్కువ పడుతుంది. చెడితే పోయేది 70 రూపాయల లైనింగ్, అదీ మీది. నేను పైన అన్న ఆ మధ్య మనిషి స్థానంలో ఇప్పుడు మీ లైనింగ్ నిలబడుతుంది.

పైగుడ్డ కోసేటప్పుడు కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది చేతుల దగ్గర. చేతి ముందు వంపు లోతుగా, వెనక వంపు తక్కువగా ఉంటుంది. గుడ్డని ముఖాముఖి మడిచి రెండూ ఒకేసారి కోస్తే కుడి, ఎడమ వస్తాయి. అంచు సరిపోవడం లేదని ఒక్కోటి విడిగా కోస్తే, తిప్పడం మర్చిపోయి రెండూ ఒకే చేతివి అవుతాయి. మెషీన్‌కి నూనె వేసిన రోజు మొదట పాత గుడ్డ మీద నాలుగు వరసలు తొక్కండి. లేత రంగు మీద నూనె చుక్క పడితే అది మీ ఖాతాలోనే.

ఆంటీ జాకెట్టులో ఏం జరిగిందో కూడా ఇక్కడే చెప్తాను, ఇది తెలియకపోతే పదిహేనోది కూడా అలాగే అవుతుంది. చంక పట్టేస్తే కిందికి కోయాలనిపిస్తుంది. అలా కోసినకొద్దీ చంక నుంచి చేతి అంచు వరకు ఉండే లోపలి కుట్టు పొట్టిదవుతుంది, పక్క కుట్టు కూడా. చెయ్యి లేపగానే ఆ పొడవు చాలక నడుము దగ్గర గుడ్డని పైకి లాగుతుంది. పట్టేసినప్పుడు ముందు చూడాల్సింది చేతి లూజు సరిపోయిందా, ముందు వంపు పావు అంగుళం లోపలికి తీయాలా, పక్క కుట్టు కొంచెం వదలాలా అని. కిందికి దించడం ఆఖరి మాట. ఇక వెనక మెడ పది అంగుళాల లోతు పెట్టినప్పుడు భుజాన్ని ఆపే గుడ్డ వీపు మీద ఉండదు. అలాంటప్పుడు మెడ వెడల్పు కూడా పావు నుంచి అర అంగుళం తగ్గించి, పైన డోరీ (రెండు భుజాలనీ కలిపి కట్టే తాడు) పెట్టాలి. ఆది జాకెట్టు (కొలతకిచ్చిన పాత జాకెట్టు) మెడ చిన్నదైతే దాని వెడల్పునే డీప్ నెక్‌కి దింపితే ఇలాగే జారుతుంది.

రేటు విషయం. ఊరికే కుట్టి చెయ్యి తిప్పుకుందామని కూడా ఒకచోట రాశారు. ఆ దారి మంచిదనిపిస్తుంది గానీ ఊరికే కుట్టించుకున్న జాకెట్టుకి ఎవరూ వంక పెట్టరు. వంక చెప్పేవాళ్లు లేకపోతే మీరు నేర్చుకునేదేమీ ఉండదు. డబ్బు తీసుకోండి, కానీ తొడిగి చూశాకే తీసుకోండి. ముందు కావాలంటే లైనింగ్ ఖర్చు వరకు అడగండి. చిన్న పుస్తకం పెట్టుకుని గుడ్డ ఫొటో, కొలతలు, మెడ లోతు, ఇచ్చే తేదీ, రేటు రాసి, అదే ఆమెకి వాట్సాప్‌లో పంపండి. చివర ఒక వాక్యం: "గుడ్డ నా వల్ల పాడైతే గుడ్డ ఖరీదు నేనిస్తాను, కూలీ తీసుకోను." కాటనే కదా తీసుకుంటున్నారు, ఇవ్వగలరు. పది రోజుల్లోపు ఫంక్షన్ ఉన్న గుడ్డ తీసుకోవద్దు. సరిచేయడానికి టైమ్ లేని పనిలో చిన్న తప్పు కూడా పెద్దదే.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉచితంగా చేసిన పనిని సేవ కింద లెక్కించదు, డబ్బు పుచ్చుకుని చేస్తే లెక్కిస్తుంది. ఇంట్లో కుట్టారా షాపులో కుట్టారా అని చూడదు. లోపం ఉందంటూ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, ఐదు లక్షల లోపు విలువకి ఫిర్యాదు రుసుము కూడా లేదు. జాకెట్టు కోసం ఆంటీ అంత దూరం వెళ్లరు, ఆ భయం అక్కర్లేదు. చెప్పేదేంటంటే, "హాబీగా కుడతానండి" అన్న మాట 250 తీసుకున్నాక చెల్లదు.

ఆడబిడ్డ సలహా గురించి ఎక్కువ రాయను. ఇంటర్నెట్‌లో తీసిన బొటిక్ జాకెట్టు ఫొటో పెట్టారనుకోండి, వచ్చే ప్రతి ఆర్డరూ ఆ ఫొటోలోని పనికే వస్తుంది. వెనక కటింగులు, పైపింగులు, ప్రిన్సెస్ కట్, మీకు ఇంకా రానివన్నీ. అబద్ధం సంగతి అలా ఉంచినా, మీ చేతికి కుదరని పనిని మీరే పిలిచి తెచ్చుకున్నట్టవుతుంది. మీరు కుట్టిన పద్నాలుగింటిలో బాగా వచ్చిన ఐదు ఫొటోలు పెట్టండి. ఒకటి లోపలి వైపు తిప్పి తీయండి. కుట్టు తెలిసినావిడ పైకి కనిపించే మెడ కన్నా ముందు లోపలి ఓవర్‌లాక్, పక్కన వదిలిన గుడ్డ చూస్తుంది.

ఉత్తరంలో మీరు ఒక్క ముక్కలో దాటేసిన మనిషి ఒకరున్నారు: టైలరక్క. ఆమె దగ్గర నేర్చుకుని, అదే సందులో, 450 పనిని 250కి చేస్తున్నారు. ఆమె అద్దె కట్టాలి, ఓవర్‌లాక్ మెషీన్ కిస్తీ కట్టాలి, హెల్పర్‌కి ఇవ్వాలి. మీ 250 వల్ల రేపు అపార్ట్‌మెంట్ వాళ్లు ఆమెను "కింద ఆవిడ 250కే కుడుతోంది కదా" అని అడుగుతారు. మీరు తక్కువ తీసుకునే హక్కు మీకుంది, కొత్త చేతికి పూర్తి రేటు అడగడమూ బాగోదు. అయితే ఆరు నెలల తర్వాత మీ చెయ్యి కుదిరినా ఈ రేటు మీద నుంచి మీరు లేవలేరు, అలవాటు పడ్డవాళ్లు లేవనివ్వరు. అందుకే ఇప్పుడే "కాటన్ లైనింగ్ 300, దసరా దాటాక 350" అని ముందే చెప్పి పెట్టడం మేలు. పోటీ పడకుండా ఉండే దారి ఇంకోటి ఉంది: దసరా ముందు ఆమెకి ఊపిరాడదు. హుక్కులు, కాజాలు, హెమ్మింగు జాకెట్టుకి ఇంతని మాట్లాడుకుని ఇంటికి తెచ్చుకోండి. డబ్బు తక్కువే. కానీ పట్టు జాకెట్లు వరసగా మీ చేతుల మీదుగా పోతాయి, ఒక్కటీ మీరు కోసినది కాదు. ఆమె ఒప్పుకోకపోవచ్చు, ఇప్పటికే మనసులో ఉంచుకుని ఉండొచ్చు కూడా. అడిగి చూడండి. ఒప్పుకుంటే రోజుకి రెండు గంటలు ఆమె పనికి పోతాయి కాబట్టి చీరలు, జాకెట్లు కాస్త తగ్గుతాయి. నెల లెక్క మొదటి మూడు నెలలు ఆరు వేలకి చేరకపోవచ్చు. నాలుగున్నర, ఐదు వేల దగ్గర ఆగుతుందని అనుకుని, ఫీజు విషయం స్కూలు వాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఇంకో సంగతి. 2023 సెప్టెంబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి, దర్జీ పని అందులో ఒకటి. ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ ఉంటుంది, రోజుకి 500 స్టైపెండ్. పనిముట్లకి 15,000 విలువైన ఈ-వోచర్ ఇస్తారు. పీకో చేసే జిగ్‌జాగ్ మెషీన్ కొనడానికి అది ఆసరా, అప్పుడు బయట ఇస్తున్న 30 మీకే మిగులుతుంది. స్వయం ఉపాధిగా ఆ పని చేస్తుండాలి, ఇంటికి ఒక్కరే అర్హులు, కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగి ఉండకూడదు. నమోదు కామన్ సర్వీస్ సెంటర్‌లో ఆధార్‌తో, దర్జీ పనికి ఇప్పుడు తీసుకుంటున్నారో లేదో అక్కడే కనుక్కోండి. నమోదుకి రుసుము లేదు, "మెషీన్ ఇప్పిస్తా, వెయ్యి ఇవ్వు" అనేవాళ్లని నమ్మొద్దు. తర్వాత లక్ష వరకు అప్పు కూడా 5 శాతం వడ్డీకి ఇస్తారు గానీ ప్రస్తుతం దాని జోలికి పోవద్దు. ఇంట్లో బండి కిస్తీ ఒకటి చాలు. కటింగ్ ఇంకా గట్టిగా నేర్చుకోవాలంటే ప్రభుత్వ శిక్షణ సంస్థ సెట్విన్ కేంద్రాల్లో టైలరింగ్ కోర్సులున్నాయి, దగ్గర్లో ఏ బ్యాచ్ ఉందో కనుక్కోండి.

ఇక ఆంటీ. "పర్లేదులే" అంటే సర్దుకుపోయాను, ఇంక ఈ మాట ఎత్తకు అని అర్థం. ఎత్తకపోతే సుఖంగానే ఉంటుంది, ఇద్దరికీ. లిఫ్టులో కనిపించినప్పుడల్లా మీకు మాత్రం ఆ పిన్నులు గుర్తొస్తాయి. ఎత్తితే ఆమె కాస్త ఇబ్బంది పడొచ్చు, నాలుగు మాటలు అనొచ్చు కూడా. నన్నడిగితే ఎత్తడమే నయం. కానీ ఉత్త చేతులతో క్షమాపణ చెప్పడానికి వెళ్లొద్దు. అప్పుడు మిమ్మల్ని ఓదార్చే పని కూడా ఆమె మీదే పడుతుంది. 250 ఒక కవర్లో పెట్టుకుని, బాగుచేసే ఉపాయంతో వెళ్లండి. "ఆంటీ, చంక నేనే ఎక్కువ కోశాను. కింద చిన్న ముక్క వేస్తే చెయ్యి లేస్తుంది. వెనక డోరీ పెడితే భుజం ఆగుతుంది. ఇస్తారా, లేదంటే టైలరక్కతో చేయిస్తాను, డబ్బు నాది." రెండు దారులూ ఆమె ముందు పెట్టి ఊరుకోండి. ఏదీ వద్దంటే కవరు ఇచ్చి వచ్చేయండి.

ముక్క వేయడం కష్టం కాదు. చంక కింద, చేతి లోపలి కుట్టూ పక్క కుట్టూ కలిసే చోట రెండున్నర అంగుళాల మేర విప్పి, చతురస్రపు ముక్కని మూలగా తిప్పి అతికించాలి. చిల్లులు కనిపిస్తాయన్న బెంగ అక్కడ లేదు, చెయ్యి దించితే ఆ చోటు కనపడదు. ముందు పాత గుడ్డ మీద రెండుసార్లు కుట్టి చూడండి. కోయగా మిగిలిన పట్టు ముక్కలు ఇంకా ఆంటీకి ఇవ్వలేదు, కవర్లోనే ఉన్నాయని రాశారు కదా. నాలుగు అంగుళాల ముక్కలు రెండు అందులో వస్తాయో లేదో కొలిచి చూసుకున్నాకే పై అంతస్తుకి వెళ్లండి. మిగిలిన పీలికలు కూడా వెంట తీసుకెళ్లండి, అవి ఆమెవే.